వయసు మళ్ళిన కుక్క వైద్యానికి డబ్బు సమకూర్చుకోవడం ఎలా: గోదావరి డెల్టా ఊళ్ళ వారికి సమగ్ర మార్గదర్శి

పదేళ్ళుగా ఇంటి అరుగును కాస్తున్న కుక్క రెండు పూటలు అన్నం ముట్టకపోతే మన ఊళ్ళలో ముందుగా వినపడే మాట "ముసల్దైపోయిందండి, ఇంకేం చేస్తాం" అన్నదే. కానీ వయసు రోగం కాదు. లాబ్రడార్ వంటి పెద్ద జాతులు ఏడెనిమిదేళ్ళకే వృద్ధాప్యంలో అడుగుపెడతాయి, పొమరేనియన్ వంటి చిన్న జాతులు మరికొన్నేళ్ళు ఆగి ఆ దశకు వస్తాయి. ఆ వయసులో కనిపించే గర్భాశయపు చీము, పాల గ్రంథుల్లో గడ్డలు, చిగుళ్ళ చీము, గోమార్ల వల్ల వచ్చే జ్వరం, కీళ్ళ నొప్పులు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు వంటి వాటిలో కొన్ని పూర్తిగా నయమవుతాయి, కొన్ని మందులతో అదుపులో ఉంటాయి. చాలా ఇళ్ళలో వైద్యం ఆగిపోయేది మందు లేక కాదు, ఆ వారంలో చేతిలో డబ్బు లేక.

ఆ డబ్బును నలుగురి నుంచి మర్యాదగా, తగవు రాకుండా ఎలా సమకూర్చుకోవాలో ఇక్కడ వరసగా వివరిస్తున్నాను. జాలి వల్ల జనం మన మాట వింటారు, కాని డబ్బు పంపేది కాగితం చూసిన తరువాతే. కాబట్టి ఇందులో సగం పని ఎవరినీ ఒక్క రూపాయి అడగకముందే జరగాలి.

ముందు రోగం పేరు తెలుసుకోవాలి

"కుక్కకు బాగోలేదు, సాయం చేయండి" అని రోగం తేలకముందే గ్రూపుల్లో పెట్టే మనవి దాదాపు ఎప్పుడూ దెబ్బతింటుంది. ఎంత కావాలో, దేనికి కావాలో అడిగినవారికే తెలియనప్పుడు ఇచ్చేవారికి నమ్మకం కుదరదు. అందువల్ల మొదటి ఖర్చు, అంటే డాక్టరు గారి ఫీజు, రక్తపరీక్ష, అవసరమైతే స్కానింగ్ లేదా ఎక్స్‌రే ఖర్చు, ఇంట్లోవారే ఎలాగో ఒకలాగ భరించాలి.

మండల కేంద్రంలో ఉన్న ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించడం మంచి మొదలు. అక్కడ ఉన్న మందులు ఉచితంగా ఇస్తారు, జ్వరమో పుండో అయితే పని అక్కడే పూర్తి కావచ్చు. ఊళ్ళోని పశుసంవర్ధక సహాయకుడు డాక్టరు రాసిన ఇంజెక్షన్ ఇంటికి వచ్చి చేయగలడు, కట్టు మార్చగలడు. రోగ నిర్ధారణ మాత్రం ఆయన పని కాదు, ఆ భారం ఆయన మీద పెట్టకూడదు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడిపశువుల కోసం ఉద్దేశించినవి గనుక, వాటినే నమ్ముకుని ముసలి కుక్కను రోజుల తరబడి ఇంట్లో ఉంచకూడదు.

వైద్యుడు బీవీఎస్సీ (పశువైద్య పట్టా) చదివి, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో నమోదైనవారై ఉండాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం ఆ నమోదు నంబరు ప్రతి డాక్టరుకూ ఉంటుంది. రేపు మీరు నలుగురికీ చూపించబోయే అంచనా కాగితం మీద ఆ నంబరు, సంతకం, క్లినిక్ ముద్ర ఉండేట్టు చూసుకోండి. తెల్ల కాగితం మీద రాసిన మొత్తానికి విలువ ఉండదు.

డాక్టరు గారి దగ్గర అడిగి తీరవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఇది గంటల్లో తేలవలసిన విషయమా, వారాలు ఆగగలదా, లేక బతికినంతకాలం నెలనెలా ఖర్చు పెట్టవలసినదా? డబ్బు సేకరించే పద్ధతి మొత్తం ఈ జవాబు మీదనే ఆధారపడి ఉంటుంది. ఉదాహరణకు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాల తరువాత విపరీతంగా నీళ్ళు తాగుతూ, అన్నం మానేసి, వాంతులు చేసుకుంటూ, పొట్ట ఉబ్బి ఉంటే అది గర్భాశయంలో చీము పట్టడం కావచ్చు. కొన్ని కుక్కలలో చీము బయటకు కారుతుంది, కొన్నింటిలో లోపలే నిండుతుంది, ఆ రెండవది మరీ ప్రమాదకరం. దీనికి సాధారణంగా గర్భాశయం తొలగించే ఆపరేషనే మార్గం. అలాంటప్పుడు విరాళాలు వచ్చేదాకా ఆగడం కుదరదు, ముందు అప్పుగానైనా డబ్బు కట్టి తరువాత సేకరించుకోవాలి. పాల గ్రంథిలో చిన్న గడ్డ అయితే డాక్టరు గారు ఒప్పుకున్న మేరకు కొద్ది రోజుల వ్యవధి దొరకవచ్చు. మూత్రపిండాల జబ్బుకు, గుండె జబ్బుకు ఒక్కసారి వసూలు చేసిన డబ్బు ఎంతోకాలం ఆగదు.

ఈ వైద్యం దానికి మేలు చేస్తుందా?

ఈ ప్రశ్న వేసుకోవడం నిర్దయ కాదు. ఇతరుల డబ్బు తీసుకుంటున్నప్పుడు ఇది తప్పించుకోకూడని ప్రశ్న కూడా. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ దీనికోసం ఒక సులువైన కొలమానం తయారుచేశారు. నొప్పి (ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది కూడా ఇందులోనే వస్తుంది), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడు రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉండటం అనే ఏడు అంశాలకు ఒక్కొక్కదానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి. మొత్తం 35 దాటితే జీవితం ఫరవాలేదని లెక్క.

ఇంట్లో ముగ్గురు ఉంటే ముగ్గురూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా వేయండి. రోజూ అన్నం పెట్టే అమ్మగారి మార్కులకూ, నెలకొకసారి హైదరాబాదు నుంచి వచ్చే కొడుకు మార్కులకూ తేడా ఉంటుంది. ఆ తేడా మీద జరిగే మాటలే అసలు నిర్ణయాన్ని తేలుస్తాయి. మార్కుల కాగితాన్ని డాక్టరు గారికి చూపించి, ఆపరేషన్ తరువాత ఏ అంశంలో ఎంత మెరుగు ఆశించవచ్చో అడగండి. మెరుగు ఏమీ ఉండదని ఆయన చెబితే, నొప్పి తగ్గించే మందులకు, బాధ లేకుండా సాగనంపడానికి అయ్యే ఖర్చుకు సాయం అడగడం కూడా న్యాయమైన కోరికే. అది పెద్ద మొత్తం కాదు, అడగడానికి సిగ్గుపడవలసినదీ కాదు.

ఎంత కావాలో కాగితం మీద పెట్టడం

డాక్టరు గారు చెప్పే మొత్తం సాధారణంగా ఆపరేషన్ ఖర్చు మాత్రమే. డెల్టాలో ఉన్నవారికి ప్రయాణ ఖర్చు దానికి సమానంగా కాకపోయినా దరిదాపుల్లో ఉంటుంది. అమలాపురం వైపు నుంచి గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళాలంటే రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కి తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు, హనుమాన్ జంక్షన్ మీదుగా వంద కిలోమీటర్లకు పైగా కారులో పోవాలి. కుట్లు విప్పించుకోవడానికి మళ్ళీ అదే దారి. వరదల కాలంలో లంక గ్రామాల వారికి ముందు రేవు దాటడమే ఒక పని.

లెక్క ఎలా వేయాలో చూపడానికి ఒక నమూనా ఇస్తున్నాను. ఇందులోని అంకెలు పద్ధతి కోసమే, ధరల కోసం కాదు. పదకొండేళ్ళ ఆడకుక్కకు గర్భాశయపు చీము తొలగించాలి అనుకుందాం. రక్తపరీక్షలకు 1,500 రూపాయలు, స్కానింగ్‌కు 1,000, మత్తుతో కలిపి ఆపరేషన్‌కు 12,000, మందులకు, సెలైన్లకు 4,000, రెండు సార్లు కారు కిరాయికి 7,000, తరువాతి తనిఖీకి, కట్లకు 1,500. మొత్తం 27,000. వయసు మళ్ళిన ప్రాణి గనుక అదనంగా ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి రావచ్చు. అందుకోసం ఐదో వంతు, అంటే 5,400 కలిపితే 32,400 అవుతుంది. ఇంట్లోవారు 12,400 పెట్టుకోగలిగితే బయట అడగవలసింది సరిగ్గా 20,000.

ఈ ఐదో వంతు కలపడాన్ని కొందరు అత్యాశగా చూస్తారు. నా ఉద్దేశంలో అది కలపకపోవడమే తప్పు, ఎందుకంటే ఒకసారి ఇచ్చినవారిని వారం తిరక్కుండా మళ్ళీ అడగడం కంటే ఇబ్బందికరమైనది లేదు. కలిపిన సంగతి దాచకుండా, అది ఖర్చు కాకపోతే ఏం చేస్తారో కూడా అదే కాగితం మీద రాయండి.

ముసలి కుక్కకు ఇప్పటికిప్పుడు బీమా తీసుకుందామన్న ఆలోచన వస్తే దాని మీద సమయం పెట్టకండి. పెంపుడు కుక్కల పాలసీలు వయసు మళ్ళిన తరువాత కొత్తగా దొరకడం కష్టం, దొరికినా అప్పటికే బయటపడిన జబ్బుకు అవి వర్తించవు.

అడగవలసిన మొత్తాన్ని తగ్గించుకోవడం

ఒక్కొక్క రూపాయి సేకరించడం కంటే ఒక్కొక్క రూపాయి తగ్గించుకోవడం తేలిక. బోధనాసుపత్రిలో రుసుములు సాధారణంగా ప్రైవేటు క్లినిక్కుల కంటే తక్కువగా ఉంటాయి. గన్నవరం కళాశాల తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది, అక్కడ శస్త్రచికిత్సకూ, మందులతో చేసే వైద్యానికీ వేరు వేరు విభాగాలు ఉన్నాయి. విద్యార్థులకు చూపిస్తూ వైద్యం చేస్తారు గనుక సమయం ఎక్కువ పడుతుంది, ఓపికతో వెళ్ళాలి. బయలుదేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు ఓపీ ఉందో లేదో, స్కానింగ్ జరుగుతుందో లేదో కనుక్కోవాలి. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామునే బయలుదేరడం కుక్కకూ మంచిది, వరసలో ముందు ఉండటానికీ మంచిది.

మందుల విషయంలో డాక్టరు గారిని నేరుగా అడగండి: "ఇదే మందు వేరే కంపెనీది తక్కువలో దొరుకుతుందా అండీ?" గుండె జబ్బు కుక్కలకు రాసే ఫ్యూరోసెమైడ్, ఎనలాప్రిల్ వంటివి మనుషుల మందుల షాపులో, జనౌషధి దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతాయి. మోతాదు మాత్రం డాక్టరు రాసినదే. పొదుపు పేరుతో ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయడం ప్రాణాంతకం కావచ్చు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పారాసిటమాల్ కూడా కాలేయానికి హాని చేస్తుంది.

సొంత జేబు, అప్పు

అత్యవసరం అయినప్పుడు అప్పు తప్పదు. ఆ అప్పు ఎక్కడ తీసుకుంటే ఎంత పడుతుందో ముందే తెలిసి ఉండాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి 20,000 తీసుకుంటే నెలకు 600 వడ్డీకే పోతుంది, ఏడాదికి అది నూటికి ముప్పై ఆరు. బ్యాంకులోనో, సహకార సొసైటీలోనో బంగారం మీద తీసుకునే అప్పు దీనికంటే చాలా చవక. డ్వాక్రా సంఘంలో సభ్యురాలైతే సంఘం అంతర్గత అప్పు ఇంకా సులువు. పాడుకోని చీటీ ఉంటే పాడవచ్చు, కాని పాటలో ఎంత వదులుకుంటున్నారో చూసుకుని, దానినే వడ్డీగా లెక్క వేసి చూడండి. ఫోన్‌లో నిమిషాల్లో ఇచ్చే అప్పుల యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. మీ ఫోన్‌లోని నంబర్లన్నిటికీ వాళ్ళు ఫోన్ చేయడం మొదలుపెడితే, రేపు మీరు సాయం అడగబోయే మనుషులందరి దగ్గరా మీ పరువు ముందే పోతుంది.

ఎవరిని అడగాలి, ఏ వరసలో

మొదట ఆ కుక్కను ఎరిగినవారు. దానితో ఆడుకుని పెరిగి ఇప్పుడు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు, పక్కింటివారు, దాని అరుపు వల్ల దొంగతనం తప్పించుకున్న వీధివారు, రోజూ దానికి బిస్కెట్ వేసే పాల కుర్రాడు. వీళ్ళను గ్రూపులో కాకుండా ఒక్కొక్కరికి ఫోన్ చేసి అడగాలి. ఐదారుగురు ఒప్పుకుని కొంత పంపిన తరువాతనే గ్రూపులో మనవి పెట్టాలి. అప్పటికే కొంత చేరిందని కనబడితే తరువాతివారు ముందుకు వస్తారు, సున్నా దగ్గర ఆగిన లెక్కలో మొదటి పేరు తమదే కావడానికి ఎవరూ ఇష్టపడరు.

రెండవ వరస పదో తరగతి బ్యాచ్ గ్రూపు, ఆఫీసు గ్రూపు, అపార్ట్‌మెంటు గ్రూపు వంటివి. కోనసీమ నుంచి, భీమవరం చుట్టుపక్కల నుంచి బయటకు వెళ్ళినవారి బ్యాచ్ గ్రూపులకు ఉన్న కట్టుబాటు గొప్పది. ఒకరు అడిగితే మరొకరు తలా ఐదు వందలు వేయిస్తారు. గ్రూపు నడిపేవారి అనుమతి ముందుగా తీసుకోవడం మర్యాద.

మూడవ వరస అపరిచితులు. వాళ్ళ విషయం కింద వేరుగా చెబుతాను.

జంతు సంరక్షణ సంస్థలను అడగవచ్చు కదా అని కొందరంటారు. విశాఖపట్నంలో, హైదరాబాదులో పేరున్న సంస్థలు ఉన్నాయి. వాటి ముఖ్యమైన పని దిక్కులేని జంతువుల కోసం. యజమాని ఉన్న కుక్కకు వాళ్ళ దగ్గర డబ్బు అడగడం కంటే సలహా, తగిన డాక్టరు పేరు, రక్తం ఎక్కించవలసి వస్తే దాత కుక్క ఉన్నవారి ఆచూకీ అడగడం సమంజసం.

మనవి ఎలా రాయాలి

పైన వేసిన లెక్కకు తగిన మనవి ఇలా ఉండవచ్చు:

"అందరికీ నమస్కారం. మా పింకీ మీలో చాలామందికి తెలుసు. పదకొండేళ్ళుగా మా గేటు దగ్గర ఉండే తెల్ల కుక్క. దాని గర్భాశయంలో చీము పట్టిందని నిన్న స్కానింగ్‌లో తేలింది. ఆపరేషన్ రేపు ఉదయం. మందులు, ప్రయాణం అన్నీ కలిపి 32,400 రూపాయలు అవుతుందని అంచనా. అనుకోని ఖర్చుల కోసం ఉంచిన 5,400 కూడా అందులోనే ఉంది. 12,400 మేము పెట్టుకున్నాం. మిగిలిన 20,000 ప్రస్తుతం అప్పుగా తెచ్చి కడుతున్నాం. దాని కోసం మిమ్మల్ని అడుగుతున్నాం, వంద రూపాయలైనా సాయమే. డాక్టరు గారి అంచనా కాగితం కింద పెట్టాను. డబ్బు ఈ ఒక్క క్యూఆర్ కోడ్‌కే పంపండి. 20,000 చేరగానే ఇక చాలని ఇక్కడే చెబుతాను. ఖర్చులు పోను డబ్బు మిగిలినా, ఆపరేషన్‌కు ముందే పింకీ మాకు దక్కకపోయినా, ఖర్చు కాని డబ్బు ఎవరిది వారికి తిరిగి పంపిస్తాను."

ఇందులో ఏడుపు లేదు, బతిమాలడం లేదు. చదివినవారికి వచ్చే ప్రశ్నలన్నిటికీ జవాబు ఉంది. "మేము పెట్టుకున్నాం" అన్న మాట తప్పనిసరి, ఎందుకంటే తన జేబు తడమకుండా ఎదుటివాడి జేబు చూసేవాణ్ణి మన వైపు ఎవరూ క్షమించరు. "ఇక చాలని చెబుతాను" అన్నది అంతకంటే ముఖ్యం. ఆగవలసిన చోట ఆగుతామని ముందే చెప్పినవారికి జనం నమ్మకంగా ఇస్తారు.

రెండు ఫోటోలు చాలు. ఒకటి కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పటిది, ఇంకొకటి ఇప్పటిది. పుండు, రక్తం, చీము కనిపించే ఫోటోలు పెట్టకండి. వాటిని చూసి చాలామంది వేలితో పైకి తోసేసి ముందుకు పోతారు. అంచనా కాగితం ఫోటో తీసేటప్పుడు మీ చిరునామా, ఫోన్ నంబరు కనబడకుండా మడవండి, డాక్టరు గారి పేరు పెట్టడానికి ఆయన అనుమతి అడగండి.

ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు ఇంతెందుకండీ?" ఆ మాట అన్నవారు చెడ్డవారు కానక్కరలేదు, వాళ్ళ ఇంట్లో ఏ ఆసుపత్రి అప్పు తీరకుండా ఉందో మనకు తెలియదు. గ్రూపులో వాదనకు దిగితే ఆ రోజుకు విరాళాలు ఆగిపోతాయి. "మీరన్నదీ నిజమేనండి బాబాయి గారూ, ఇష్టం ఉన్నవారినే అడుగుతున్నానండి" అని ఒక్క వాక్యంతో వదిలేయడం ఉత్తమం. తరచుగా ఆయన తరఫున వాళ్ళింటి పిన్నిగారే సాయంత్రం రెండు వందలు పంపుతారు.

డబ్బు ఎలా తీసుకోవాలి, లెక్క ఎలా ఉంచాలి

తగవులు వచ్చేది ఇక్కడే గనుక కాస్త వివరంగా చెబుతాను. ఇంటి జీతం, పాల డబ్బు, గ్యాస్ సబ్సిడీ అన్నీ పడే ఖాతాలో విరాళాలు కలపవద్దు. ఇంట్లో వాడకుండా ఉన్న పొదుపు ఖాతా ఒకటి దీనికి కేటాయించి, దాని క్యూఆర్ కోడ్ ఒక్కటే ఇవ్వండి. వీలైతే పెద్ద మొత్తాలు ఇచ్చేవారిని నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టమని అడగండి. రసీదు వాళ్ళ పేరుతోనే వస్తుంది, మీ మీద ఒక్క మాట పడదు.

ఒక మామూలు రూళ్ళ పుస్తకం కొని ఎడమ పేజీలో జమ, కుడి పేజీలో ఖర్చు రాయండి. జమ వైపు తేదీ, పేరు, మొత్తం, ఎలా వచ్చిందో, యూపీఐ అయితే లావాదేవీ నంబరులో చివరి నాలుగు అంకెలు. పేరు వద్దన్నవారిని "శ్రేయోభిలాషి" అని రాస్తే చాలు. ఖర్చు వైపు తేదీ, దేనికి, ఎంత, బిల్లు నంబరు. కారు డ్రైవరుకు ఇచ్చిన కిరాయికి బిల్లు ఉండదు గనుక అతని చేత అదే పేజీలో సంతకం పెట్టించుకోండి. చేతికి ఇచ్చిన నోట్లను ఆ రోజే ఖాతాలో వేయాలి. పోపుల డబ్బాలో పెట్టిన విరాళం సాయంత్రానికి కూరగాయల్లో కలిసిపోతుంది, ఆ తరువాత ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

రోజూ రాత్రి ఒకే సమయానికి, ఆ పేజీల ఫోటోతో మూడు వాక్యాల కబురు గ్రూపులో పెట్టండి: ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, కుక్క ఎలా ఉంది. ఆపరేషన్ రోజు అయితే డాక్టరు గారు చెప్పిన మాట ఒకటి చేర్చండి. లెక్క రాసేవారు, డబ్బు ఖాతా ఉన్నవారు ఇద్దరూ ఒకరే కాకుండా ఉంటే మరీ మంచిది. వీధిలో నమ్మకమైన మాస్టారు ఎవరైనా ఉంటే పుస్తకం ఆయనకు అప్పగించండి.

మోసాల విషయంలో ఒక హెచ్చరిక. "విరాళం పంపుతున్నాను, వచ్చిన లింకు నొక్కి పిన్ కొట్టండి" అని ఫోన్ వస్తే అది దొంగ ఫోను. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం ఉండదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. మీ కుక్క ఫోటోనే వాడి వేరే క్యూఆర్ కోడ్‌తో మనవి తిరిగే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఫోటో మీదనే మీ యూపీఐ పేరు రాసి పంపండి.

అపరిచితుల దగ్గర: సేకరణ వేదికలు

మిలాప్, కెట్టో వంటి ఇంటర్నెట్ విరాళాల వేదికల్లో జంతువుల వైద్యానికి కూడా మనవి పెట్టవచ్చు. ఇంటి చుట్టూ ఉన్నవారితో తీరే మొత్తానికి వీటి అవసరం లేదు. పెద్ద ఆపరేషన్, క్యాన్సర్ మందులు వంటి వాటికే వీటిని తలచుకోవాలి. ఖాతా తెరవకముందు వేదిక తీసుకునే రుసుము, చెల్లింపు ఛార్జీలు, వాటి మీద జీఎస్టీ, డబ్బు చేతికి వచ్చే వ్యవధి చదువుకోండి. దాత డబ్బు కట్టేటప్పుడు వేదిక కోసం అదనంగా కొంత ఇవ్వమని ఒక గడి కనిపిస్తుంది, అది ఇష్టం ఉంటేనే ఇవ్వవచ్చు. ఆ సంగతి మీ వాళ్ళకు ముందే చెప్పకపోతే, కుక్కకు ఇచ్చాననుకున్న డబ్బులో కొంత అటు పోయిందని తరువాత నొచ్చుకుంటారు. ఇంకొకటి, ఈ వేదికలు వాటంతట అవి దాతలను తెచ్చిపెట్టవు. మొదటి సగం మీరు పంచిన లింకు ద్వారానే రావాలి.

చేతిపనులు, పిండివంటలు, పంట రోజులు

గడువు ఉన్న వైద్యానికి అమ్మకాలు బాగా పనికివస్తాయి. నరసాపురం చుట్టుపక్కల అల్లిక తెలిసిన ఇల్లాళ్ళు ఉన్న ఇంట్లో లేసు బల్లగుడ్డలు, పర్సులు చేసి బయట ఊళ్ళ బంధువులకు పంపవచ్చు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత బయటివారికి చెప్పుకోవడానికి ఒక పేరు కూడా ఉంది. సున్నుండలు, ఆవకాయ, పూతరేకులు తెలిసినవారికి ఒకసారి చేసి ఇవ్వడం వేరు, నెలల తరబడి అమ్మడం వేరు. రెండవదానికి ఆహార భద్రతా సంస్థ నమోదు తీసుకోవాలి.

కాలం చూసి అడగడం మన వైపు తెలిసిన సంగతే. సార్వా నూర్పిళ్ళు అయ్యే నవంబరు, డిసెంబరు నెలల్లో, దాళ్వా కోతల తరువాత, భీమవరం దగ్గరి ఆకివీడు, ఉండి ఊళ్ళ వైపు చేపల చెరువుల పట్టుబడి అయ్యాక చేతిలో డబ్బు ఆడుతుంది. నాట్ల ముందు ఆడదు. సంక్రాంతికి బయట ఊళ్ళవారంతా వస్తారు, కుక్కను కళ్ళారా చూసి ఇస్తారు. ఆ రోజుల్లోనే కోడిపందేల బరి నడిపేవారి నుంచి కొంత ఇప్పిస్తామని ఎవరో ముందుకు రావచ్చు. కోడిపందెం చట్టం ఒప్పుకోనిది. అంతకుమించి, ఒక జంతువు ప్రాణం కోసం మరొక జంతువు రక్తపు డబ్బు తీసుకోవడం ఏమిటో నాకు ఎంత ఆలోచించినా కొరుకుడుపడదు. టిక్కెట్లు అమ్మి లక్కీ డ్రా తీయడమూ వద్దు, మన రాష్ట్రంలో లాటరీలకు అనుమతి లేదు.

నెలనెలా సాగే ఖర్చుకు

మూత్రపిండాలు, గుండె, కీళ్ళ జబ్బుల ఖర్చు కుక్క ఉన్నంతకాలం ఉంటుంది. ఒక్కసారి ఖర్చుకు ఎక్కువమంది దగ్గర అడగవచ్చు, నెలనెలా ఖర్చుకు కొద్దిమందే దగ్గరివారు ఉండాలి. ప్రతి నెలా గ్రూపులో మనవి పెడితే మూడో నెలకు జవాబు రాదు. నలుగురైదుగురు బంధుమిత్రులు నెలకు రెండేసి వందలు ఆరు నెలల పాటు ఇస్తామని ఒప్పుకుంటే, ఆ ఒప్పందాన్ని ఆరు నెలలకే ముగించి, డాక్టరు గారు మళ్ళీ చూసిన తరువాత కొనసాగించాలో లేదో కలిసి అనుకోవాలి. కొందరు డబ్బుకు బదులు వస్తువు ఇవ్వగలరు: ఒకరు మాత్రలు కొనిస్తారు, ఒకరు తన కారులో తీసుకెళ్తారు, రోజూ పలకరించడానికి వచ్చే రిటైరైన కాంపౌండరు గారు సెలైన్ ఎక్కిస్తారు. వీటినీ పుస్తకంలో రాయండి.

లెక్క ముగించడం

వైద్యం అయిన తరువాత, లేదా కుక్క దక్కకపోయిన తరువాత, వారం లోపల చివరి లెక్క పంపాలి. మిగిలిన డబ్బు మనవిలో చెప్పినట్టే తిరిగి ఇవ్వాలి. దాతలు వద్దంటే వారి మాట రాతపూర్వకంగా తీసుకుని మరొక జంతువు వైద్యానికి నేరుగా ఆసుపత్రికి కట్టాలి. ఖననం ఖర్చు కూడా లెక్కలోదే. డెల్టాలో వానాకాలం గొయ్యి తవ్వగానే నీరు ఊరుతుంది గనుక మెరక చోటు చూసుకుని, లోతుగా తవ్వించడానికి కూలి ఇవ్వవలసి ఉంటుంది.

పన్ను సంగతి రెండు మాటల్లో చెబుతాను. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఉచితంగా వచ్చిన డబ్బు మొత్తం 50,000 రూపాయలు దాటితే, దాటిన భాగమే కాదు, మొత్తం మీ ఆదాయంలో చేరుతుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బాబాయి, మేనమామ వంటివారు చట్టం దృష్టిలో బంధువులే. బాబాయి, మేనమామల పిల్లలు కారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. మీకు నేరుగా ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు, ఆ మాట ఎవరికీ ఇవ్వకండి. విదేశాల్లో ఉన్నవారిలో భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవారు ఇచ్చేది విదేశీ విరాళాల చట్టం కిందికి రావచ్చు గనుక, వారు దగ్గరి బంధువులు కాకపోతే తీసుకునే ముందు ఆడిటర్ గారిని అడగాలి.

చివరి లెక్క పంపిన రోజే పాత మనవిలోని క్యూఆర్ కోడ్‌ను గ్రూపు నుంచి తీసేసి, వేదికలో పెట్టిన సేకరణను మూసివేయండి. మూయకపోతే నెల తరువాత కూడా ఎవరో ఆ లింకు చూసి డబ్బు వేస్తారు, దాన్ని తిరిగి పంపడానికి మళ్ళీ పుస్తకం తెరవవలసి వస్తుంది. బిల్లులు, పుస్తకం, అంచనా కాగితం ఒకే సంచిలో పెట్టి కొన్నేళ్ళు దాచండి. పన్ను లెక్కకు అడిగినా, దాతల్లో ఎవరైనా సందేహం అడిగినా ఆ సంచి తీసి చూపించవచ్చు.